గల్లీకి గేటు పడ్డ రోజే మేలుకోవాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నల్లగొండలో మీ ఇంటి పక్కన 12 అడుగుల గల్లీ ఉంది. దానికి అటూ ఇటూ ఉన్న పాత ఇళ్లను ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు కొన్నారు. రెండింటినీ కలిపి కొత్త బ్లాకు కడతామని, మధ్యలో గల్లీ మూసేస్తామని అంటున్నారు. రాత్రిపూట దొంగల భయమని చెప్పి ఒక కొసన ఇనుప గేటు ఇప్పటికే బిగించారు. బస్తీ పెద్దలు తెల్లకాగితం మీద సంతకాలు తిప్పుతున్నారు. గల్లీ పోతే వెనక ఉన్న నలభై ఇళ్లవాళ్లు మెయిన్ రోడ్డుకు అర కిలోమీటరు చుట్టు తిరిగి రావాలి. "మావారు గొడవ ఎందుకంటున్నారు, నాకు నిద్ర పట్టడం లేదు, ఏం చేయమంటారు" అని అడిగారు.

నేను పురపాలక శాఖలో టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా పాలమూరు, నల్లగొండ వైపే గడిచింది. ఇలాంటి గల్లీలు చాలా చూశాను. నిలబడ్డవీ ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి. పోయిన గల్లీ ఏదీ గోడ కట్టిన రోజు పోలేదు. అంతకు ఏడాదో రెండేళ్లో ముందు, "గేటే కదా, తాళం మన దగ్గర కూడా ఉంటుంది" అని అందరూ ఊరుకున్న రోజునే పోయింది. అందుకని సంతకాల కాగితం కన్నా ముందు ఆ గేటు సంగతి చూడండి.

మా సొంత గల్లీ సంగతి చెబుతాను. పాలమూరులో మేమున్న బస్తీలో ఒక ఫంక్షన్ హాలు ఉండేది. దాని పక్క గల్లీ కూడా మీదానిలాగే 12 అడుగులు. కింద షాబాద్ బండలు, ఒక వారకు మోరీ, ఇంకో వారకు నల్లా పైపు. హాలు వాళ్లు ముందు గేటు పెట్టారు. "పెండ్లిళ్లప్పుడు పిల్లలు బండ్ల కింద పడతరు సార్, మీ పిల్లల కోసమే" అన్నారు. మేం సరే అన్నాం. పగలు తీసి ఉండేది, రాత్రి వాచ్‌మన్ తాళం వేసేవాడు. తర్వాత పెళ్లి ఉన్న రోజు పగలు కూడా వేయడం మొదలైంది. ఆ తర్వాత గల్లీలో వంట పొయ్యిలు, ఆ పొయ్యిల మీద రేకులు, రేకుల కింద గోడ. మాకు కోపం వచ్చేసరికి స్లాబు పడింది. నేను ఆ శాఖలోనే పనిచేస్తూ కూడా, మా గల్లీయే కదా ఎక్కడికి పోతుందని ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

కాగితాల కోసం వెతికితే మున్సిపల్ రోడ్ల రిజిస్టరులో మా గల్లీ పేరే లేదు. చివరికి పక్కింటి ముసలాయన ట్రంకు పెట్టెలోంచి వాళ్ల నాయన కొన్నప్పటి ఉర్దూ దస్తావేజు తీశాడు. మడతల దగ్గర చిరిగి, నాలుగు ముక్కలుగా ఉంది. చదవడానికి మసీదు దగ్గరి మౌల్వీ సాబును పిలిచాం. ఆయన వేలితో ఒక్కో మాటా తడుముతూ హద్దుల దగ్గరికి వచ్చి, "షుమాల్ మే రాస్తా సర్కారీ" అని చదివాడు. ఉత్తరాన సర్కారు దారి. ఆ మూడు మాటల కోసం ఏడాదిన్నర తిరిగామమ్మా. అప్పటికే స్లాబు లేచింది, కోర్టు ఏళ్లు పట్టింది, ఆఖరికి రాజీలో 7 అడుగులు మిగిలింది. ఇప్పుడు ఆ గల్లీలోంచి ఎవరి పాడె అయినా లేపితే మూల దగ్గర నిలువుగా ఎత్తి తిప్పాలి. చూసిన ప్రతిసారీ నాకు మనసు విరిగిపోతుంది.

మీకింకా స్లాబు పడలేదు, గేటు దగ్గరే ఉన్నారు. అదే మీకున్న బలం.

మొదట ఆ గల్లీ ఎవరిదో తేలాలి. మన పట్టణాల్లో గల్లీలన్నీ ఒక రకం కావు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు ఇళ్లు పంచుకున్నప్పుడు తమ రాకపోకలకు విడిచిన సందు ఉంటుంది, అది వాళ్ల ఉమ్మడి ఆస్తి. లేఅవుట్‌లో వేసిన రోడ్డు ఉంటుంది, అది ప్లాట్లు కొన్న అందరిదీ, అప్పగించాక మున్సిపాలిటీది. పాత ఊరు పెరుగుతూ పెరుగుతూ తనంతట తానే ఏర్పడ్డ గల్లీ మూడోది. గ్రామకంఠంలోనో (ఊరి ఇళ్ల కోసం విడిచిన జాగా), నక్షాలో, అంటే సర్వే పటంలో, బాటగానో ఉంటుంది. దాంట్లో జనం తరాలుగా నడుస్తారు, మున్సిపాలిటీ మోరీలు తీస్తుంది, లైట్లు వేస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఈ మూడోదే అనిపిస్తోంది. దీనికి పట్టా ఉండదు. పట్టా లేదంటే ఎవరిదీ కాదని ఆసుపత్రి వాళ్లు అంటారు. ఎవరి పేరా లేదు కాబట్టే అది అందరిదీ.

పబ్లిక్ వీధి మున్సిపాలిటీ ఆధీనంలో ఉంటుంది. ఆధీనంలో ఉండడం అంటే అమ్ముకోవడానికో, ఇష్టమొచ్చినవాళ్లకు ఇవ్వడానికో కాదు. ప్రజల తరఫున ధర్మకర్తలా కాపాడటానికి. సుప్రీంకోర్టు 1954లో సగీర్ అహ్మద్ కేసులోనే ఈ మాట చెప్పింది. 1965లో మంగ్లౌర్ మున్సిపల్ బోర్డు కేసు ఇంకా పనికొస్తుంది. అక్కడ మున్సిపాలిటీ దారి పక్క ఖాళీ జాగాలో గాంధీ విగ్రహం, చలివేంద్రం, లైబ్రరీ పెట్టబోయింది. అంత మంచి పనులకు కూడా కోర్టు ఒప్పుకోలేదు. వీధిని వీధిగా నడపడానికి కావాల్సినవి తప్ప వేరే కట్టడాలు కట్టే హక్కు మున్సిపాలిటీకి లేదని చెప్పింది. మీ దగ్గర "ఆసుపత్రి కూడా ప్రజల కోసమే కదా" అనే వాదన తప్పకుండా వస్తుంది. అప్పుడు 1991 నాటి బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు చెప్పండి. పార్కు కోసం విడిచిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే ఆ వీధివాళ్లు కోర్టుకెళ్లారు. ఆసుపత్రి మంచిదే అయినా పార్కు పార్కుగానే ఉండాలని సుప్రీంకోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. ఆ వీధివాళ్లకు అడిగే హక్కెక్కడిదన్న వాదన కూడా అక్కడ నిలవలేదు.

ఇక రుజువులు. కోపంతో వెళ్లేకన్నా టేపు పట్టుకుని వెళ్లండి. పొద్దున్నే ఆరింటికి, జనం తిరగకముందే ఇద్దరు ముగ్గురు కలిసి గల్లీని మూడుచోట్ల కొలవండి: మొదట్లో, మధ్యలో, చివర. ప్రతి కొలతకూ టేపు కనిపించేలా ఫోటో తీయండి. కరెంటు స్తంభాలు, వాటి మీది నంబర్లు, మోరీ మీది బండలు, నల్లా వాల్వు, గల్లీలోకి తెరిచే దర్వాజలు ఒక్కటీ వదలొద్దు. గేటు ఫోటో తారీఖుతో సహా తప్పకుండా ఉండాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు, గల్లీ తెరిచి ఉన్న చిత్రం దొరికితే ముద్రించి పెట్టుకోండి.

తర్వాత ఇంటింటి దస్తావేజులు. గల్లీకి ఆనుకున్న ప్రతి ఇంటి సేల్ డీడ్‌లో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. "తూర్పు: గల్లీ", "పడమర: 12 ఫీట్ల దారి" అని ఉన్నవాటికి రంగు గుర్తు పెట్టండి. ఆసుపత్రి వాళ్లు కొన్న రెండు ఇళ్ల దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలుగా తీసుకోవచ్చు. అందులోనూ హద్దుగా గల్లీ అనే రాసి ఉంటే, వాళ్లు సంతకం పెట్టిన కాగితమే మీ వైపు మాట్లాడుతుంది. పాత ఉర్దూ కాగితాలున్న ఇళ్లను అడగడం మరిచిపోవద్దు. రాస్తా, రాస్తా ఆమ్ (అందరి దారి), గల్లీ, ఈ మాటల్లో ఏది కనిపించినా బంగారమే.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మున్సిపాలిటీ లోపలే ఉంటుంది, చాలామందికి అది తెలియదు. మీ గల్లీలో ఎప్పుడో ఒకప్పుడు సీసీ రోడ్డో, మోరీయో, పైపులైనో వేసి ఉంటారు. దానికి ఎస్టిమేటు ఉంటుంది, పనయ్యాక ఇంజనీరు పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసిన ఎం బుక్ ఉంటుంది. సొంత స్థలానికి మున్సిపాలిటీ సిమెంటు పోయదు. ప్రజల డబ్బు పెట్టి, వెడల్పు కొలిచి రాసుకున్న దారిని తర్వాత "అది దారే కాదు" అనడం వాళ్లకు కుదరదు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి ఈ ఎం బుక్ పేజీలు, గల్లీ లైట్ల వివరాలు, ఆసుపత్రి వాళ్లు పెట్టిన ప్లాను కాపీ, గల్లీ మూత మీద ఏదైనా తీర్మానం గానీ నోటీసు గానీ ఉంటే దాని నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు. జిల్లా సర్వే, భూమి రికార్డుల ఆఫీసు నుంచి గ్రామ నక్షా, టౌన్ సర్వే అయి ఉంటే ఆ షీటు కూడా తెచ్చుకోండి.

ప్లాను చేతికొచ్చాక ఒక లెక్క వేయండి. మా విభాగంలో ఫైలు చూసేటప్పుడు నేను మొదట చేసేది ఇదే. వాళ్ల రెండు దస్తావేజుల్లో ఉన్న విస్తీర్ణాలు కూడండి. ఉదాహరణకు ఒకటి 320 గజాలు, ఇంకొకటి 280 గజాలు, మొత్తం 600. ప్లానులో స్థలం 666 గజాలని చూపితే ఆ మిగతా 66 గజాలు ఎక్కడివి? 12 అడుగుల గల్లీ 50 అడుగుల పొడవు మేర 600 చదరపు అడుగులు, అంటే 66 గజాల పైచిలుకు. గల్లీ ఆ కాగితంలో సొంత స్థలంగా కలిసిపోయిందన్నమాట. ఇది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, అనుమతి రద్దుకు గట్టి కారణమవుతుంది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం (తెలంగాణలో ఇళ్ల, భవనాల అనుమతుల చట్టం) ప్రకారం ఇంత పెద్ద కట్టడాలు సింగిల్ విండోలో 21 రోజుల్లో తేలాలి. అధికారి దగ్గర టైము తక్కువ, దరఖాస్తుదారు అప్‌లోడ్ చేసిన కాగితాలే ఆయన చూస్తాడు. అందుకని మీ అభ్యంతరం కమిషనర్‌కు, టౌన్ ప్లానింగ్ విభాగానికి ముందుగానే రాతపూర్వకంగా చేరాలి. మూడు కాపీలు తీసి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర, నంబరు వేయించుకోండి. నోటితో చెప్పిన అభ్యంతరం ఫైల్లో ఉండదు.

పబ్లిక్ దారిని శాశ్వతంగా మూయడం అసలు కుదరదని అనను. కానీ అది కౌన్సిలర్ మాటతోనో, సంతకాల కాగితంతోనో అయ్యే పని కాదు. జనానికి నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, తీర్మానం ఉండాలి, పైస్థాయి ఆమోదం ఉండాలి. అందుకే ఆ తెల్లకాగితం విషయంలో జాగ్రత్త. పైన విషయం రాయకుండా కింద సంతకాలు తీసుకుంటున్నారంటే, రేపు ఆ పైభాగంలో "మాకు అభ్యంతరం లేదు" అని చేరుతుంది. ఇప్పటికే పెట్టినవాళ్లుంటే "విషయం చెప్పకుండా తీసుకున్నారు, ఉపసంహరించుకుంటున్నాం" అని ఒక్కొక్కరూ విడిగా కమిషనర్‌కు రాసివ్వాలి. వేలిముద్ర వేసిన అవ్వలను మరవకండి, వాళ్లకు చదివి వినిపించి రాయించండి. కిరాయికి ఉన్నవాళ్లను కూడా కలుపుకోండి. దారి మీద నడిచే హక్కు ఇంటి ఓనరుకే కాదు.

ఇవన్నీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. దాంతోపాటు ఆర్డీఓ దగ్గరకూ వెళ్లండి. ఆయన సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ కూడా. పబ్లిక్ దారికి అడ్డుపెట్టిన వాటిని తీయించే అధికారం కొత్త భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 152వ సెక్షన్ కింద ఆయనకు ఉంది. పాత సీఆర్‌పీసీలో ఇదే 133. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసుతో ఈ సెక్షన్‌కు పేరొచ్చింది. మురుగు, కంపుతో అల్లాడిన వీధివాళ్లు దీన్ని పట్టుకునే మున్సిపాలిటీ మెడ వంచారు. అయితే ఆసుపత్రి వాళ్లు వచ్చి "ఇది పబ్లిక్ దారే కాదు" అంటే మేజిస్ట్రేట్ ముందు ఆ సంగతి విచారించాలి. వాళ్ల మాటకు నమ్మదగిన ఆధారం కనిపిస్తే సివిల్ కోర్టులో తేల్చుకోమంటారు. అందుకే రుజువులు ముందు కూడబెట్టమన్నాను. ఇంకోటి, ఈ సెక్షన్ తాజా అడ్డంకులకే బాగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న గోడను చూపిస్తే ఇన్నాళ్లు ఏం చేశారని అడుగుతారు. గేటు పెట్టిన నెలలోనే వెళ్లమనేది ఇందుకే.

కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే భయపడకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద కనీసం ఇద్దరు, కోర్టు అనుమతితో, ప్రజలందరి తరఫున దావా వేయొచ్చు. తమకు ప్రత్యేకంగా నష్టం జరిగిందని కూడా చూపక్కర్లేదు. మీ ఇంటి దర్వాజ గల్లీలోకే తెరుచుకుంటుందని రాశారు. అలాంటి ఇళ్లవాళ్లకు వీధిలోకి అడుగుపెట్టే సొంత హక్కు వేరుగా ఉంటుంది. వెనక నలభై ఇళ్లవాళ్లది అందరితో కలిసిన హక్కు. ఈ తేడా మీ వకీలుకు చెప్పండి, రెండూ దావాలో ఉండాలి. ఒక వకీలును కమిషనర్‌గా పంపి స్థలం ఎలా ఉందో రాయించమని కోర్టును మొదటి రోజే అడగండి. ఆ వకీలు కమిషనర్ ఇచ్చే రిపోర్టు, రేపు వాళ్లు ఏం మార్చినా ముందు ఎలా ఉండేదో చెబుతుంది. ఖర్చుకు వెనకాడుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మీ పేరు మీదనే దరఖాస్తు పెట్టొచ్చు, మీవారి ఒప్పుదల కూడా అక్కర్లేదు.

"పన్నెండేళ్లు దాటితే ఆ జాగా మాదే" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. పబ్లిక్ వీధిని తిరిగి తీసుకోవడానికి స్థానిక సంస్థకు 1963 లిమిటేషన్ చట్టం 30 ఏళ్ల గడువిచ్చింది. మీ బస్తీలో ఇంతకుముందు కబ్జా అయిన సందులు ఉంటే వాటికీ ఇది వర్తిస్తుంది.

ఇక మనుషుల సంగతి. ఆ ఆసుపత్రి మీ శత్రువు కాదు. మీ బస్తీలో సగం పిల్లలు అక్కడే పుట్టి ఉంటారు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే హైదరాబాద్ దాకా వంద కిలోమీటర్లు పోవాల్సిన ఊళ్లో ఆసుపత్రి పెరగడం నాకైతే ఇష్టమే. డాక్టరు గారితో నేరుగా కూర్చుని మాట్లాడండి, మధ్యవర్తులు వద్దు. మీకు స్థలం కావాలి, మాకు దారి కావాలి అని చెప్పి చూడండి. వెనక వైపు పెంచుకునే వీలుందా, రెండు బ్లాకుల్ని విడివిడిగానే ఉంచి వాడుకోవచ్చా అడగండి. గల్లీ అసలు తప్పదంటే బదులు దారి ఇవ్వాలి. ఆ దారి అదే వెడల్పో ఇంకా ఎక్కువో ఉండాలి, వంపులు లేకుండా ఫైరింజను వెళ్లేలా ఉండాలి, వాళ్ల సొంత స్థలంలోంచి మున్సిపాలిటీ పేర గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టరు కావాలి. సిమెంటు, మోరీ, లైటు, నల్లా పైపు మార్పు అంతా వాళ్ల ఖర్చుతో పూర్తయి, మీరు నడిచి చూసుకున్నాకే పాత గల్లీ మీద చేయి వేయాలి. ముందు మూస్తాం, తర్వాత ఇస్తాం అనే మాటకు ఒప్పుకోవద్దు. గుడికి రంగులు వేయిస్తాం, బోనాలకు చందా ఇస్తాం అనే మాట దీనికి సాటి రాదు. ఆ డబ్బు ఒక్క ఏడాదిలో అయిపోతుంది.

మోరీ, పైపుల గురించి చాలామంది ఆలోచించరు. ఇప్పుడు గల్లీ కింద ఉన్న నల్లా లైను రేపు వాళ్ల గోడ లోపలికి పోతే, లీకైన ప్రతిసారీ మున్సిపాలిటీ మనిషి వాళ్ల వాచ్‌మన్‌ను అడిగి లోపలికి పోవాలి. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నడుములు వంగిపోయిన జిల్లా మనది. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చే పైపును ఇంకొకరి గేటు లోపల పెట్టుకోకండి.

వెనక ఇళ్లలో కూలికి వెళ్లేవాళ్లు ఎక్కువని రాశారు. చుట్టు తిరిగే అర కిలోమీటరు రోజూ నాలుగుసార్లు నడవాల్సింది వాళ్లే. మీటింగు పెడితే సాయంత్రం ఏడు దాటాక పెట్టండి, లేకపోతే వాళ్లు రాలేరు. ఎస్సీ వాడకు పోయే దారి అదొక్కటే అయితే, ఆనవాయితీగా ఉన్న దారిని వాళ్లకు కాకుండా చేయడం అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం కావచ్చు, వకీలుతో మాట్లాడండి. కానీ బేరం కోసం ఆ చట్టం పేరు ఎత్తొద్దు, నిజంగా అట్లాంటిది జరిగితేనే. రాత్రిపూట గేటు విరగ్గొడదామనే కుర్రాళ్లను మాత్రం ఆపండి. ఒక్క తాళం పగిలితే కేసు మీ మీదికి తిరుగుతుంది, ఆరు నెలలు స్టేషన్ చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది.

ఈ ఆదివారం పొద్దున టేపు వేయండి. మధ్యాహ్నం మీ ఇంటి దస్తావేజు తీసి పడమర హద్దు దగ్గర ఏం రాసుందో చూడండి. సోమవారం పదింటికల్లా కలెక్టరేట్‌కు చేరండి, లైను పెద్దగా ఉంటుంది. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి. గల్లీ కొలిచిన కాగితం చేతిలో ఉంటే ఆయనకు కూడా ఇది గొడవలా అనిపించదు.